పై అధికారికే ఫిర్యాదు, కింది అధికారికే దర్యాప్తు

పోలీసుల తప్పును పోలీసులే తేల్చుకునే పద్ధతికి జార్ఖండ్ చెల్లించిన మూల్యం చిన్నది కాదు

జంషెడ్‌పూర్‌లో కుళాయి రాకపోయినా, వీధి దీపం వెలగకపోయినా ఎవరికి చెప్పాలో కంపెనీ కాలనీల్లో ఉండేవారికి బాగా తెలుసు. టాటా స్టీల్ అనుబంధ సంస్థకు ఫోన్ చేస్తే ఒక మనిషి వస్తాడు. ఉత్తరాంధ్ర నుంచి తరాల కిందటే వలస వచ్చి కదమా, బిష్టుపూర్, టెల్కో ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఈ సౌకర్యానికి అలవాటు పడినవే. మరి పోలీస్ స్టేషన్‌లో అన్యాయం జరిగితే? అప్పుడూ ఒక మనిషి వస్తాడు. ఆయన పోలీసే.

నిజానికి పోలీసులపై ఫిర్యాదు చేయడానికి దారులకు కొదవ లేదు. స్టేషన్ ఇన్‌చార్జి కేసు రాసుకోకపోతే సీనియర్ ఎస్పీకి దరఖాస్తు ఇవ్వొచ్చు. అక్కడా పని కాకపోతే కొల్హాన్ డీఐజీ ఉన్నారు. ఆ పైన రాంచీలో డీజీపీ, ముఖ్యమంత్రి కార్యాలయం, ఢిల్లీలో జాతీయ మానవ హక్కుల కమిషన్. కాగితం ఎంత పైకి వెళితే న్యాయం అంత దగ్గరవుతుందని బాధితుడి ఆశ. కానీ ఆ కాగితం పైకి వెళ్లేది తిరిగి కిందికి రావడానికే. మన ఆఫీసుల్లో ‘విచారించి నివేదిక పంపగలరు’ అని రాసే వాక్యానికి అక్కడి హిందీ రూపం ప్రతి మెట్టు దగ్గరా దాని మీద పడుతుంది. మానవ హక్కుల కమిషన్ కూడా సాధారణంగా చేసేది రాష్ట్ర అధికారుల నుంచి నివేదిక కోరడమే. చివరకు ఆ ఫిర్యాదు, ఏ స్టేషన్ మీద వచ్చిందో ఆ స్టేషన్‌ను పర్యవేక్షించే డీఎస్పీ బల్ల మీదికి చేరుతుంది. ఆయన తన సిబ్బందిని పిలిచి అడుగుతారు. వారు ఏమీ జరగలేదంటారు. అదే నివేదికగా మళ్లీ మెట్లెక్కుతుంది.

ఈ ఏర్పాటు ఎంత దూరం తీసుకెళుతుందో జంషెడ్‌పూర్ పొలిమేరల్లోనే తెలుస్తుంది. ఖర్కాయ్ నది దాటితే ఆదిత్యపూర్. అక్కడి నుంచి సరాయికెలా-ఖర్సావా జిల్లా. 2019 జూన్ 17 రాత్రి ఆ జిల్లాలోని ధత్కీడీహ్ గ్రామంలో మోటార్ సైకిల్ దొంగ అనే అనుమానంతో 24 ఏళ్ల యువకుడిని స్తంభానికి కట్టేసి గంటల తరబడి కొట్టారు. అతని చేత బలవంతంగా దేవుళ్ల పేర్లు పలికించిన వీడియో దేశమంతా తిరిగింది. మర్నాడు ఉదయం పోలీసులు వచ్చారు. అతన్ని సదర్ ఆస్పత్రిలో చూపించి, దొంగతనం కేసు కింద జైలుకు పంపారు. అతన్ని కొట్టినవారి మీద కేసు నమోదైంది మాత్రం జూన్ 22న, అతను చనిపోయాక, భార్య ఇచ్చిన ఫిర్యాదు మీదే.

గొడవ పెద్దదయ్యాక ఇద్దరు పోలీసు అధికారులు సస్పెండయ్యారు. జిల్లా యంత్రాంగం వేసిన బృందం పోలీసులు, డాక్టర్లు ఇద్దరి నిర్లక్ష్యాన్నీ ఎత్తి చూపింది. కానీ కేసు దర్యాప్తు మాత్రం అదే జిల్లా పోలీసుల చేతిలోనే ఉండిపోయింది. జులైలో వారు వేసిన అభియోగపత్రంలో హత్యా నేరం లేదు. మరణానికి కారణం గుండె ఆగిపోవడమన్న నివేదిక ఆధారంగా 302 సెక్షన్ స్థానంలో, అంతకంటే తక్కువ తీవ్రత గల 304 వచ్చి చేరింది. ఆ విషయం బయటికి పొక్కి దుమారం రేగాక జంషెడ్‌పూర్‌లోని ఎంజీఎం వైద్య కళాశాల నిపుణుల అభిప్రాయం తీసుకుని, సెప్టెంబర్‌లో హత్యా నేరాన్ని మళ్లీ చేర్చారు. చివరకు 2023 జులైలో స్థానిక కోర్టు 304 సెక్షన్ కిందే పది మందికి పదేళ్ల చొప్పున జైలు శిక్ష విధించింది.

కాబట్టి వివాదం సెక్షన్ గురించి మాత్రమే కాదు. తలకు తగిలిన దెబ్బలతోనే అతను చనిపోయాడని తేలితే తర్వాతి ప్రశ్న తప్పదు. అంతటి గాయాలున్న మనిషిని ఆస్పత్రిలో ఉంచకుండా జైలుకు ఎందుకు పంపారు? గుండె ఆగి చనిపోయాడంటే ఆ ప్రశ్న తీవ్రత తగ్గిపోతుంది. అంటే, మరణ కారణం ఏమిటన్న దాని మీద పోలీసుల సొంత బాధ్యత కూడా ఆధారపడి ఉంది. అలాంటి కేసును అదే పోలీసులు దర్యాప్తు చేశారు. వారు తప్పు చేశారనడానికి ఇది రుజువు కాదు. కానీ వారు నిజాయతీగానే పనిచేసినా ఎవరూ నమ్మలేని పరిస్థితి అది. కోర్టు ముందు నిందితులుగా నిలబడింది గ్రామస్తులే. ఆ నాలుగు రోజుల్లో స్టేషన్ ఏం చేసిందన్నది ఆ విచారణలో తేల్చాల్సిన అంశం కానే కాలేదు.

అంతకు రెండేళ్ల ముందు, 2017 మే 18న, జంషెడ్‌పూర్ శివార్లలోనే బాగ్‌బేడా స్టేషన్ పరిధిలోని నాగాడీహ్‌లో పిల్లలను ఎత్తుకుపోయేవారన్న వాట్సప్ పుకారుతో ముగ్గురిని కొట్టి చంపారు. వారిలో ఇద్దరు అన్నదమ్ములు. వారిని కాపాడబోయి గాయపడిన నాయనమ్మ తర్వాత ఆస్పత్రిలో చనిపోయింది. అదే రోజు రాజ్‌నగర్ ప్రాంతంలో మరో నలుగురు బలయ్యారు. పోలీసులు అక్కడే ఉండి ఆపలేకపోయారన్నది నాగాడీహ్ బాధిత కుటుంబం ఆరోపణ. ఇలాంటి ఆరోపణ వచ్చినప్పుడు తేల్చాల్సింది ఇద్దరి సంగతి. కొట్టినవారిది ఒకటి, చూస్తూ నిలబడ్డారని చెబుతున్నవారిది మరొకటి. మొదటిది క్రిమినల్ కేసు అవుతుంది. రెండోది శాఖాపరమైన ఫైలవుతుంది. సస్పెన్షన్, సంజాయిషీ, కొన్నాళ్లకు మరో చోట పోస్టింగ్. ఆ ఫైలులో ఏముందో ఫిర్యాదు చేసినవారికి తెలిసే అవకాశం తక్కువ.

సింగ్‌భూమ్ నేలకు ఈ అనుభవం కొత్తది కాదు. 1948 జనవరి 1న ఖర్సావాలో, ఒరిస్సాలో విలీనాన్ని వ్యతిరేకిస్తూ గుమిగూడిన ఆదివాసీలపై ఒరిస్సా మిలిటరీ పోలీసులు కాల్పులు జరిపారు. 35 మంది చనిపోయారని అప్పటి పత్రికలు రాశాయి. వందల్లో, వేలల్లో అని స్థానికులు చెబుతారు. ఏడు దశాబ్దాలు దాటినా లెక్క తేలలేదు. 1979 ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్ అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయినప్పుడు బీహార్ మిలిటరీ పోలీసుల తీరు మీద కూడా ఆరోపణలు వచ్చాయి. నిజానిజాల కోసం రిటైర్డ్ న్యాయమూర్తి జితేంద్ర నారాయణ్ నాయకత్వంలో కమిషన్ వేయాల్సి వచ్చింది. 1980 సెప్టెంబర్ 8న అప్పటి ఉమ్మడి సింగ్‌భూమ్ జిల్లాలోని గువాలో మరీ ఘోరం. సభ దగ్గర ఘర్షణలో పోలీసులు, ఆదివాసీలు ఇరువైపులా ప్రాణాలు పోయాక, గాయపడి ఆస్పత్రికి చేరిన ఆదివాసీలను ఆ ఆవరణలోనే పోలీసులు కాల్చి చంపారు. ఖర్సావాలో, గువాలో ఏటా నాయకులు వచ్చి అమరవీరులకు పూలు చల్లుతారు. కాల్చినవారి పేర్లు మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంత చరిత్ర ఉన్నప్పుడు జిల్లా పోలీసుల నుంచి దర్యాప్తును తప్పించి సీఐడీకి ఇస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. సుప్రీంకోర్టు కూడా దాదాపు అదే దారి చూపింది. ఎన్‌కౌంటర్ మరణాల్లో దర్యాప్తును సీఐడీ గానీ, వేరే స్టేషన్‌కు చెందిన పోలీసు బృందం గానీ చేయాలని 2014 సెప్టెంబర్‌లో మార్గదర్శకాలిచ్చింది. అయితే సీఐడీ ఎవరి కింద పనిచేస్తుంది? దాని అధిపతిని ఎవరు బదిలీ చేస్తారు? ఈ రెండు ప్రశ్నలకు జార్ఖండ్‌లోనే మరో మూలన ఉన్న పలామూ జిల్లా సమాధానం చెప్పింది.

2015 జూన్ 8 రాత్రి పలామూ జిల్లా బకోరియాలో జరిగిన ఎన్‌కౌంటర్‌లో 12 మంది చనిపోయారు. అందరూ మావోయిస్టులేనన్నారు పోలీసులు. కాదు, వారిలో పారా టీచర్ ఉన్నాడు, మైనర్లు ఉన్నారన్నాయి కుటుంబాలు. కేసు సీఐడీకి వెళ్లింది. రెండేళ్లు గడిచినా తేలలేదు. 2017 చివర్లో సీఐడీ అదనపు డీజీగా ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఐపీఎస్ అధికారి ఎం.వి. రావు వచ్చారు. దర్యాప్తు వేగం పెంచారు. కొద్ది వారాలకే ఆయన్ను ఢిల్లీలో ఏమాత్రం ప్రాధాన్యం లేని పోస్టుకు పంపేశారు. రావు ఊరుకోలేదు. దర్యాప్తును నెమ్మదిగా నడపమని అప్పటి డీజీపీ తనకు చెప్పారని, వినకపోవడమే బదిలీకి కారణమని ఆరోపిస్తూ హోం శాఖకు లేఖ రాశారు. 2018 జనవరిలో అది పత్రికలకెక్కింది.

ఆ లేఖలోని ఆరోపణల సంగతి పక్కన పెట్టినా, అందులో కనిపించే నిర్మాణం కాదనలేనిది. పోలీసుల మీద వచ్చిన ఆరోపణను సీఐడీ తేల్చాలి. సీఐడీ అధిపతి డీజీపీకి జవాబుదారు. ఆ డీజీపీయే ఆరోపణ ఎదుర్కొంటున్న బలగానికీ అధిపతి. అదనపు డీజీ స్థాయి అధికారికే బదిలీ తప్పకపోతే, స్టేషన్‌లో సాక్ష్యం చెప్పాల్సిన కానిస్టేబుల్ ధైర్యం ఎంత? 2018 అక్టోబర్ 22న జార్ఖండ్ హైకోర్టు, సీఐడీ దర్యాప్తు విశ్వాసం కలిగించేలా లేదంటూ కేసును సీబీఐకి అప్పగించింది. రావు ఆ తర్వాత 2020 మార్చిలో ప్రభుత్వం మారాక జార్ఖండ్‌కు తాత్కాలిక డీజీపీ అయ్యారు. ఏడాది తిరగకుండానే అక్కడి నుంచీ మారిపోయారు. ఒక ప్రభుత్వం పక్కన పెట్టిన అధికారిని మరో ప్రభుత్వం అందలమెక్కించడం కూడా అదే జబ్బుకు మరో లక్షణం. కుర్చీ భద్రత చట్టం వల్ల రావాలి గానీ, పాలకుల ఇష్టాయిష్టాల వల్ల కాదు.

బకోరియా కేసులో సీబీఐ చివరకు, అది బూటకపు ఎన్‌కౌంటర్ అనడానికి ఆధారాలు లేవంటూ ముగింపు నివేదిక ఇచ్చింది. పోలీసుల మాటే నిజమైతే ఇన్నేళ్ల రభస ఎందుకని అడిగేవారు ఉంటారు. వారు గమనించాల్సింది ఒకటుంది. పోలీసుల మాటే నిజమైతే ఎక్కువగా నష్టపోయింది పోలీసులే. నమ్మదగిన దర్యాప్తు మొదటి ఏడాదిలోనే జరిగి ఉంటే ఆ మచ్చ అప్పుడే తొలగిపోయేది. మాట నిజం కాకపోతే, సీబీఐ రంగంలోకి దిగేసరికి మూడేళ్లు గడిచిపోయాయి. అంత కాలంలో సాక్షులు చెదిరిపోతారు, నేల మీది ఆనవాళ్లు చెరిగిపోతాయి. ఎటు చూసినా ఆలస్యమయిన స్వతంత్ర దర్యాప్తు సగం దర్యాప్తే. నిర్దోషికి మచ్చ పోగొట్టలేదు, దోషిని పట్టివ్వలేదు.

పాఠం నేర్చుకున్నారా? 2025లో కొంతకాలం జార్ఖండ్ డీజీపీగా ఉన్న అధికారి చేతిలోనే సీఐడీ, ఏసీబీల అదనపు బాధ్యతలూ ఉన్నాయి. రాష్ట్రంలో పోలీసులను నడిపేవారు, పోలీసుల తప్పులను దర్యాప్తు చేసేవారు, పోలీసుల లంచాలను పట్టుకునేవారు ముగ్గురూ ఒకరే అన్నమాట.

తెలుగువారు దీన్ని చూసి మనకు సంబంధం లేదనుకోవడానికి వీల్లేదు. 2019 డిసెంబర్ 6న హైదరాబాద్ శివార్లలోని చటాన్‌పల్లి వద్ద ‘దిశ’ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. సైబరాబాద్ పోలీసుల చర్యపై దర్యాప్తుకు ప్రభుత్వం ఎంచుకున్నది పక్కనే ఉన్న రాచకొండ కమిషనర్‌ను. సుప్రీంకోర్టు మాత్రం డిసెంబర్ 12న జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ నాయకత్వంలో కమిషన్ వేసింది. నిందితులను చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని ఆ కమిషన్ తేల్చింది. 2022 మేలో నివేదిక బయటికొచ్చింది. పక్క కమిషనరేట్‌కు కనిపించనిది బయటి కమిషన్‌కు కనిపించింది. దూరం అంటే కిలోమీటర్లు కాదు, అజమాయిషీ.

దీనికి మందు కనిపెట్టి చాలా ఏళ్లయింది. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ ఒకటి. జిల్లా స్థాయి సంస్థకు రిటైర్డ్ జిల్లా జడ్జి అధిపతి. డీఎస్పీ దాకా ఉన్నవారిపై ఫిర్యాదులను అది చూడాలి. ఎస్పీ, ఆ పై వారిపై ఫిర్యాదులకు హైకోర్టు లేదా సుప్రీంకోర్టు రిటైర్డ్ న్యాయమూర్తి నాయకత్వంలో రాష్ట్ర స్థాయి సంస్థ. క్షేత్రస్థాయి విచారణకు వాటికి సొంత సిబ్బంది, ప్రభుత్వం తోసిపుచ్చడానికి వీల్లేని సిఫార్సులు. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. కానీ ఆదేశాల అమలును చూడమని కోర్టు నియమించిన జస్టిస్ కె.టి. థామస్ కమిటీ 2010 నాటికే రాష్ట్రాల ఉదాసీనతపై విస్తుపోయింది. చాలా రాష్ట్రాలు సంస్థను పేరుకు పెట్టి సిబ్బందిని ఇవ్వలేదు, లేదా సభ్యుల్లో పోలీసులనే కూర్చోబెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో చైర్మన్‌ను నియమిస్తే వయోపరిమితి నిబంధన దగ్గర ఆ నియామకం హైకోర్టులో చిక్కుకుంది. కేరళ లాంటి కొన్ని చోట్ల మాత్రమే చట్టంలో చోటు దొరికి, జిల్లాల దాకా వెళ్లింది.

ఈలోగా కొత్త అడ్డంకులూ వచ్చాయి. పోలీసులు కేసు రాసుకోకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లడం బాధితుడికి ఉన్న పాత దారి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 175వ సెక్షన్ ప్రకారం, విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిపై దర్యాప్తుకు ఆదేశించే ముందు ఆ ఉద్యోగి పై అధికారి నుంచి నివేదిక తెప్పించుకోవాలి, ఆ ఉద్యోగి చెప్పేదీ పరిశీలించాలి. తప్పుడు ఫిర్యాదుల నుంచి ఉద్యోగులకు రక్షణ కావాలన్న మాటలో న్యాయం ఉంది. కానీ పోలీసుల విషయంలో ఆ పై అధికారి ఎవరు? మళ్లీ ఆ డీఎస్పీయో, ఎస్పీయో. మెట్ల మీద తిరిగే కాగితం కోర్టు గుమ్మం దగ్గరా అదే చేతిలో పడుతుంది.

పోలీసుల వాదనను కూడా వినాలి. నక్సల్ ప్రాంతాల్లో ప్రాణాలకు తెగించి పనిచేసే సిబ్బందిని ప్రతి చర్యకూ బోనెక్కిస్తే ఎవరూ అడుగు ముందుకు వేయరంటారు. చాలా ఫిర్యాదులు నేరస్తులు ఒత్తిడి తేవడానికి పెట్టేవేనంటారు. కొన్ని అలాంటివి ఉండొచ్చు కూడా. అయితే తప్పుడు ఫిర్యాదును తప్పుడుదని తేల్చడానికి కూడా జనం నమ్మే సంస్థ కావాలి. పోలీసులే పోలీసులకిచ్చే నిర్దోషి పత్రానికి బజారులో విలువ లేదు. తీవ్రవాదం మధ్య నుంచి వచ్చిన ఉత్తర ఐర్లండ్ 2000లో పోలీసుల మీద ఫిర్యాదులన్నీ విచారించే స్వతంత్ర అంబుడ్స్‌మన్‌ను ఏర్పాటు చేసుకుంది. అక్కడ పోలీసులు పని మానేయలేదు.

పెద్ద సంస్కరణ కోసం ఎదురు చూడకుండా చేయదగినవీ ఉన్నాయి. పోలీసులపై తీవ్రమైన ఆరోపణ వస్తే మొదటి 24 గంటల్లో స్టేషన్ జనరల్ డైరీ, సీసీటీవీ రికార్డులు, ఆస్పత్రి కాగితాలు ఎవరి చేతికి వెళతాయన్నదే కీలకం. తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో 2020 జూన్‌లో తండ్రీకొడుకులు పోలీసుల దెబ్బలకు చనిపోయినప్పుడు, విచారణకు వెళ్లిన మేజిస్ట్రేట్‌కే స్టేషన్‌లో సహకారం దొరకలేదు. మద్రాస్ హైకోర్టు మధురై బెంచి ఏకంగా ఆ స్టేషన్‌ను రెవెన్యూ అధికారుల స్వాధీనంలో పెట్టించింది. దేశంలో అంతకు ముందు విననిది ఒక్క ఆదేశంతో సాధ్యమైంది. అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో సీసీటీవీలు పెట్టి, రికార్డును 18 నెలల పాటు దాచాలని ఆదేశించింది. జంషెడ్‌పూర్ స్టేషన్లలో ఆ రికార్డు పోలీసుల అలమారాలో కాకుండా జిల్లా జడ్జి అధీనంలో ఉండే ఏర్పాటు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఫిర్యాదు చేసిన మనిషికి విచారణ నివేదిక ప్రతి ఇవ్వడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

ఇక మిగిలింది అసలు మార్పు. దర్యాప్తు చేసే అధికారి బదిలీ, పదోన్నతి, వార్షిక నివేదిక, ఈ మూడూ దర్యాప్తు ఎదుర్కొంటున్న వ్యవస్థ చేతిలో ఉండకూడదు. అది జరగనంత కాలం జిల్లా నుంచి సీఐడీకి, సీఐడీ నుంచి ప్రత్యేక బృందానికి ఫైలు ఎన్నిసార్లు చేతులు మారినా ఇల్లు మారదు. బాధిత కుటుంబాలు కోరుతున్నది పోలీసులకు శిక్ష ఒక్కటే కాదు. తమ వాళ్లు ఎలా చనిపోయారో, ఆ చావులో జీతం తీసుకునే భాగం ఎవరికి లేదో చెప్పగలిగే ఒక మనిషిని ప్రభుత్వం పంపాలని. ఖర్సావా ఆ మనిషి కోసం 1948 నుంచి ఎదురు చూస్తోంది.